ఆలుగడ్డే కదా అని తినేస్తున్నారా? రోస్ట్ పొటాటోలో ఏ కొవ్వు వాడారో ముందు అడగండి

మాంసం హలాల్ కాదేమో అన్న అనుమానం వస్తే మనవాళ్లు చేసే పని ఒకటే. ముక్కను వదిలేసి పక్కనున్న ఆలుగడ్డలు, క్యారెట్లు ప్లేట్లో వేసుకుంటారు. హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో, కర్నూలు నుంచో చదువు కోసం బ్రిటన్ వెళ్లిన పిల్లలైనా, అక్కడే స్థిరపడ్డ కుటుంబాలైనా ఇదే పద్ధతి. యూనివర్సిటీ మెస్సులో, ఆఫీసు పార్టీలో, పిల్లల స్కూలు భోజనంలో "కూరగాయే కదా, దీంట్లో ఏముంటుంది" అనుకుంటారు.

రోస్ట్ పొటాటో దగ్గర ఈ లెక్క కుదరదు. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండే ఆ బంగారు రంగు ముక్కలను ఇంగ్లిషు వంటిళ్లలో తరతరాలుగా జంతువుల కొవ్వులోనే కాలుస్తున్నారు. ఇప్పుడు నూనెతో చేసేవాళ్లూ చాలామందే ఉన్నారు. కానీ ప్లేట్లో ఉన్నది ఏ రకమో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడ మన ఇళ్లలో సమస్య ఇంకోటి. ఓటీజీలు, ఎయిర్ ఫ్రయర్లు వచ్చాక వీడియోలు చూసి ఈ వంటకం చేసేవాళ్లు ఉన్నారు. రంగు వస్తుంది, కరకర రాదు. లేదంటే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. వాళ్లు వాడే ఆ కొవ్వు లేకపోతే ఇది కుదరదేమో అని వదిలేస్తారు. నిజానికి కుదురుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెతో, నెయ్యితో కూడా కుదురుతుంది. ఎందుకు కుదురుతుందో తెలిస్తే చేయడం తేలిక.

ఆ కొవ్వు ఎక్కడిది?

బ్రిటన్‌లో సండే రోస్ట్ అంటే ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనం. పెద్ద మాంసం ముక్కను కాలుస్తుంటే కొవ్వు కరిగి కిందికి కారుతుంది. ఆ కారిన కొవ్వు పేరే డ్రిప్పింగ్. పూర్వం దాన్ని పారేసేవాళ్లు కాదు, అందులోనే ఆలుగడ్డలు వేసి కాల్చేవాళ్లు. ఇప్పుడు బీఫ్ డ్రిప్పింగ్ విడిగా ప్యాకెట్లలో దొరుకుతుంది. పంది కొవ్వును లార్డ్ అంటారు, అదీ వాడతారు. క్రిస్మస్ రోజుల్లో గూస్ అనే పెద్ద బాతు కొవ్వు సీసాలు సూపర్ మార్కెట్లలో కనిపిస్తాయి. టీవీ వంటల ద్వారా పేరు తెచ్చుకున్న నైజెల్లా లాసన్ కూడా తన రోస్ట్ పొటాటోలకు గూస్ కొవ్వే చెబుతారు.

పంది కొవ్వు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎద్దు కొవ్వయినా, బాతు కొవ్వయినా ఆ జంతువు జబీహా అయితేనే మనకు పనికొస్తుంది.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. బ్రిటన్‌లో హోటళ్లు 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం కస్టమర్లకు తప్పనిసరిగా ఇవ్వాలి. పాలు, గుడ్లు, ఆవాలు, నువ్వులు లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. బీఫ్ కొవ్వు, పంది కొవ్వు మాత్రం లేవు. కాబట్టి ఆ పట్టికలో రోస్ట్ పొటాటో ఎదురుగా ఏమీ రాసి లేకపోయినంత మాత్రాన నిశ్చింతగా తినొచ్చని కాదు. షాపులో కొనే ఫ్రోజెన్ ప్యాకెట్ల మీద పదార్థాలన్నీ రాసి ఉంటాయి కాబట్టి అక్కడ చదువుకోవచ్చు. శాకాహారులకు పనికొస్తుందని రాసి ఉంటే జంతువుల కొవ్వు వాడలేదని అర్థం. హోటల్లో అయితే అడగాల్సిందే. "వెజిటేరియనా?" అని ఊరుకోకుండా "వీటిని దేంట్లో కాల్చారు, మాంసంతో పాటు ఒకే ట్రేలో పెట్టారా?" అని రెండూ అడిగితే మంచిది. పక్కనే వచ్చే క్యారెట్లు, పార్స్నిప్‌లు చాలాసార్లు అదే ట్రేలోవి. గిన్నె ఆకారంలో పొంగే యార్క్‌షైర్ పుడ్డింగ్‌కూ పాత పద్ధతిలో డ్రిప్పింగే వాడతారు. ఉత్తర ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, చేపలు, చిప్స్ అమ్మే షాపుల్లో కూడా బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయించడం మామూలే. గ్రేవీ సంగతి సరేసరి.

మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే జంతువుల కొవ్వు లేనట్టే. బఫేల్లో "హెర్బ్ రోస్టెడ్ పొటాటో" అని బోర్డు కనిపిస్తే ఇక్కడా ఒక మాట అడగడంలో తప్పు లేదు.

కరకర పుట్టేది పిండిలోంచి

పచ్చి ఆలుగడ్డలో దాదాపు 80 శాతం నీళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండి పదార్థం. ముక్కలను నీళ్లలో ఉడికిస్తే ఈ పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, పైపొర వదులవుతుంది. నీళ్లు వంపేసి గిన్నెను గట్టిగా కుదిపితే ముక్కల అంచులు చెదిరి, ఒంటి నిండా గుజ్జు లాంటి పూత ఏర్పడుతుంది. కరకర అంతా ఆ గరుకు పూతలోనే ఉంది. వేడి నూనె దాని సందుల్లోకి దూరి, అక్కడున్న నీటిని ఆవిరి చేసి పంపిస్తుంది. నీరు పోయిన పిండి గట్టిపడి పెంకులా మారుతుంది. ఎంత గరుకుగా ఉంటే అంత ఎక్కువ పెంకు. నున్నగా కోసి, ఉడికించకుండా నూనె రాసి ఓవెన్లో పెట్టిన ముక్కకు ఈ పూత ఉండదు. అందుకే రంగొచ్చినా తోలులా సాగుతుంది.

మరి కొవ్వు పనేంటి? ముక్క నలుమూలలకూ వేడిని చేర్చడం, రుచి ఇవ్వడం. బీఫ్ కొవ్వుకు, బాతు కొవ్వుకు వాటి సొంత రుచి ఉంటుంది, అది నూనెతో రాదు. కరకర మాత్రం వస్తుంది. మాంసం రుచే కావాలంటే హలాల్ షాపులో తెచ్చుకున్న మటన్ చర్బీని సన్న సెగ మీద కరిగించి, వడగట్టి వాడుకోవచ్చు. దానికి ఇంగ్లండ్ నుంచి ఏ సీసా రానక్కర్లేదు.

ఉడికించే నీళ్లలో చిటికెడు తినే సోడా వేస్తే పూత ఇంకా బాగా వస్తుంది. ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు సోడా నీళ్లలో త్వరగా కరుగుతుంది. పులుపులో దీనికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. ఆలుగడ్డ ఉడక్కముందే చింతపండు పులుసు పోస్తే ముక్క బిగుసుకుపోతుందని మన ఇళ్లలో అమ్మీలకు, నానీలకు ఏ సైన్సూ చదవకుండానే తెలుసు.

ఏ గడ్డ కొనాలి?

తెలంగాణలో ఆలుగడ్డ, కోస్తాలో బంగాళాదుంప, సీమలో ఉర్లగడ్డ. పేర్లు ఇన్ని ఉన్నా షాపువాడు మాత్రం రకం పేరు చెప్పడు. ఇంగ్లండ్‌లో అలా కాదు. 1902లో వచ్చిన కింగ్ ఎడ్వర్డ్, 1966లో వచ్చిన మారిస్ పైపర్ అని సంచి మీదే రాసి అమ్ముతారు. రెండూ పిండి ఎక్కువున్న రకాలు, రోస్ట్‌కు వాళ్లు అవే ఎంచుకుంటారు. మన దేశంలో సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ కుఫ్రీ పేరుతో చాలా రకాలు తయారుచేసింది. వాటిలో కుఫ్రీ చిప్సోనా చిప్స్ కంపెనీల అవసరం కోసం పుట్టింది, పిండి ఎక్కువ, చక్కెర తక్కువ. అది దొరికితే అదృష్టమే. కుఫ్రీ పుఖ్‌రాజ్ లాంటి నీరు ఎక్కువున్న రకాలు కూరకు బాగుంటాయి, రోస్ట్‌కు అంతగా పనికిరావు.

పేరు తెలియనప్పుడు ఇంట్లోనే చూసుకునే ఉపాయం ఉంది. పావు కప్పు ఉప్పును పావు తక్కువ మూడు కప్పుల నీళ్లలో కరిగించి ఒక గడ్డ వేయండి. మునిగితే పిండి ఎక్కువున్నట్టు, తేలితే నీరు ఎక్కువున్నట్టు.

ఇంకో చిక్కు కోల్డ్ స్టోరేజీ. జనవరి, ఫిబ్రవరిలో జహీరాబాద్ వైపు నుంచి కొత్త పంట వస్తుంది. మిగతా నెలల్లో మనం తినేదాంట్లో ఎక్కువ భాగం ఆగ్రా లాంటి చోట్ల గోదాముల్లో 2 నుంచి 4 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉండి వచ్చిందే. అంత చలిలో గడ్డలోని పిండి కొంచెం కొంచెంగా చక్కెరగా మారుతుంది. అలాంటి గడ్డ ఓవెన్లో పెట్టగానే గబగబా ఎర్రబడుతుంది, పెంకు కట్టేలోపే మాడిపోతుంది. "ఓవెన్ పాడైంది" అని చాలామంది అనుకునేది ఇక్కడే. ఒక పల్చని ముక్క పెనం మీద వేయించి చూడండి. రెండు మూడు నిమిషాల్లోనే ముదురు గోధుమ రంగుకు వస్తే అది తీపెక్కిన గడ్డ. దాన్ని చీకటిగా, గాలి తగిలే చోట రెండు వారాలు ఉంచితే చక్కెర కొంత తగ్గుతుంది. ఇంట్లో కూడా ఆలుగడ్డలను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మానుకోవాలి.

దీనికి సంబంధించే ఒక అపోహ కూడా ఉంది. మార్కెట్లో "షుగర్ ఫ్రీ ఆలూ" అని అమ్ముతుంటారు. అది చూసి షుగర్ పేషెంట్లు ధైర్యంగా కొంటారు. ఆ పేరుకు అర్థం అది కాదు. ఆ గడ్డలను మరీ చలిలో పెట్టకుండా 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నిల్వ చేశారు, కాబట్టి పిండి చక్కెరగా మారలేదు, అంతే. పిండి మొత్తం అలాగే ఉంటుంది. 100 గ్రాముల పచ్చి ఆలుగడ్డలో సుమారు 17 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి, తిన్నాక అవి ఒంట్లో గ్లూకోజే అవుతాయి. రోస్ట్ చేయడానికి ఈ గడ్డలు భేషుగ్గా ఉంటాయి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల ప్లేట్లో ఎన్ని ముక్కలు వేయాలన్నది మాత్రం మామూలు గడ్డ లెక్కనే చూడాలి.

చేసే విధానం

నలుగురైదుగురికి కిలో ఆలుగడ్డలు సరిపోతాయి. తొక్క తీసి, రెండు అంగుళాల ముక్కలుగా ఏటవాలుగా కోయాలి. కోణాలు ఎన్ని ఎక్కువుంటే కరకరలాడే అంచులు అన్ని. ముక్కలు మునిగేలా రెండు లీటర్ల చన్నీళ్లు, రెండు చెంచాల ఉప్పు, అర చెంచా తినే సోడా. చెంచా అంటే ఇక్కడ టీస్పూనే. సోడా ఇంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. నీళ్లు మరిగాక పది నిమిషాల దాకా ఉడికించాలి. కత్తి మొన సులువుగా దిగాలి, ముక్క మాత్రం విరిగిపోకూడదు.

తర్వాతి ఐదు నిమిషాలు చాలామంది వదిలేస్తారు. జల్లెడలో నీళ్లు ఓడ్చి, ముక్కలను మళ్లీ వేడి గిన్నెలోకి వేసి మూత లేకుండా అలా వదిలేయాలి. ఆవిరి పైకి పోతుంటే ముక్కలు తెల్లగా పొడిబారతాయి. తడి ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది. ఆరాక గిన్నెకు మూతపెట్టి నాలుగైదు సార్లు గట్టిగా కుదపాలి. తెరిస్తే ముక్కలకు పిండి పట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఒక పెద్ద చెంచా బొంబాయి రవ్వ చల్లి ఇంకోసారి కుదిపితే ఇంకా మంచిది. నైజెల్లా కూడా రవ్వ వాడతారు. దానికి అక్కడ పేరు సెమొలినా, మనకు ఉప్మా రవ్వ.

ఈలోగా ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడి చేసి, ట్రేలో 75 మిల్లీలీటర్ల దాకా, అంటే ఐదు పెద్ద చెంచాల నూనె పోసి పది నిమిషాలు లోపల పెట్టాలి. ముక్క వేయగానే చుయ్ మనాలి. చల్లటి నూనెలో వేస్తే పూత నూనె తాగేసి ట్రేకు అతుక్కుంటుంది. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు, రైస్ బ్రాన్, పల్లీ నూనెలు ఈ వేడికి తట్టుకుంటాయి. నెయ్యి కూడా తట్టుకుంటుంది, వాసన అదిరిపోతుంది. సగం నూనె, సగం నెయ్యి కలిపితే ఖర్చూ కలిసొస్తుంది. వెన్న వద్దు, అందులోని పాల పదార్థం మాడి నల్ల చుక్కలవుతుంది.

ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పరవాలి. ఇరుకుగా కుక్కితే ఆవిరి బయటికి పోలేక అన్నీ మెత్తబడతాయి. ఇరవై ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, తిప్పేసి, ఇంకో ఇరవై ఐదు నిమిషాలు. ముందే తిప్పబోతే పెంకు ఊడి ట్రేకే ఉండిపోతుంది.

చిన్న ఓటీజీ అయితే కిలో ఒకేసారి పట్టదు. రెండు విడతలు చేసుకోవడమే. ఎయిర్ ఫ్రయర్లో అయితే ముక్కలకు రెండు చెంచాల నూనె పట్టించి 200 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు చాలు, మధ్యలో ఒకసారి కుదపాలి. కరెంటు భయం పెద్దగా అక్కర్లేదు. 1,500 వాట్ల ఓటీజీ గంటంబావు ఆగకుండా నడిచినా రెండు యూనిట్లు కాదు.

క్యారెట్టు, బీట్‌రూట్, చామగడ్డ

మిగతా దుంపలకు ఇదే పద్ధతి యథాతథంగా పనిచేయదు. క్యారెట్టులో పిండి దాదాపు లేదు, నీరూ తీపీ ఎక్కువ. ఎంత కాల్చినా ఆలుగడ్డలా పెంకు కట్టదు. అంచులు ముడుచుకుని తేనె రంగుకు వస్తే అదే దాని అందం. వేలంత ముక్కలుగా కోసి, నూనె పట్టించి, ఆలుగడ్డలను తిప్పే సమయంలో లోపల పెడితే రెండూ ఒకేసారి అవుతాయి. కరకర కావాలనుకుంటే చెంచా బియ్యప్పిండి చల్లాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు పార్స్నిప్ దొరుకుతుంది, తెల్ల క్యారెట్టులా ఉంటుంది. దానికీ క్యారెట్టు లెక్కే, ఇంకాస్త తొందరగా మాడుతుంది. బీట్‌రూట్‌ను వేరే ట్రేలో పెట్టకపోతే ప్లేటంతా గులాబీ రంగే.

చిలగడదుంపను చూసి మోసపోవద్దు. అందులో పిండి ఉన్నా, వేడెక్కేటప్పుడు దాని సొంత ఎంజైమే ఆ పిండిని తీపిగా మార్చేస్తుంది. అందుకే మెత్తగా, జిగటగా అవుతుంది. మన దుంపల్లో ఆలుగడ్డకు నిజంగా సాటి వచ్చేది చామగడ్డే. తొక్కతోనే పూర్తిగా ఉడికించి (పచ్చిగా ఉంటే గొంతు దురద), తొక్క తీసి, అరచేత్తో కొంచెం నొక్కి చదును చేసి, వేడి నూనె ట్రేలో వేస్తే అంచులు అప్పడంలా విరుగుతాయి. ఇంగ్లిషు రెసిపీల్లో ఇది ఉండదు గానీ, దస్తర్‌ఖాన్ మీద ముందు ఖాళీ అయ్యే గిన్నె ఇదే కావచ్చు.

ఆకులు ఎప్పుడు వేయాలి?

రోజ్‌మేరీ, థైమ్, సేజ్. వీడియోల్లో వీటిని మొదట్లోనే చల్లేస్తారు. 220 డిగ్రీల్లో యాభై నిమిషాలుంటే అవి నల్లగా మాడి చేదెక్కుతాయి. వెల్లుల్లి ఇంకా ముందే మాడుతుంది. దానికంటే మేలైన దారి ఉంది. నూనెను సన్న సెగ మీద పెట్టి, అందులో ఆకులు, చిదిమిన వెల్లుల్లి వేసి, వెల్లుల్లి లేత రంగుకు రాగానే వడగట్టాలి. ఆ నూనెతో ముక్కలు కాల్చి, పక్కన పెట్టుకున్న ఆకులు, వెల్లుల్లిని దించాక కలపాలి. వాసన ఉంటుంది, చేదు ఉండదు.

తాజా రోజ్‌మేరీ మన దగ్గర పెద్ద సూపర్ మార్కెట్లలో తప్ప దొరకదు, దొరికినా ధర ఎక్కువ. ఎండినది చిటికెడు చాలు. అసలు థైమ్‌కు ఆ ఘాటు ఇచ్చేది థైమాల్ అనే పదార్థం. మన వాములో ఉండేదీ అదే. అర చెంచా వాము నూనెలో వేయించి వడగడితే థైమ్‌కు చాలా దగ్గరి వాసన వస్తుంది. కుండీలో వాము ఆకు మొక్క ఉంటే రెండు ఆకులు సన్నగా తరిగి చివర్లో వేయొచ్చు. రోజ్‌మేరీ, థైమ్, సేజ్, మన పుదీనా ఒకే కుటుంబం మొక్కలు. దించాక తరిగిన పుదీనా, నిమ్మరసం, మిరియాల పొడి వేస్తే ఇంగ్లిషు వంటకం మన ఇంటి వంటకమైపోతుంది. నిమ్మరసం మాత్రం తినేముందే పిండాలి.

రంగు ఎంతవరకు?

బంగారు పసుపు రంగు దగ్గరే ఆపేయాలి. పిండి పదార్థాలున్న వాటిని బాగా వేడి చేసినప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సర్‌కు కారణమైంది. దాంతో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2017లో రోస్ట్ పొటాటోలు, టోస్ట్ లాంటివి గోధుమ రంగు దాకా కాల్చకుండా బంగారు రంగు దగ్గరే ఆపమని ప్రజలకు ప్రచారం చేసింది. ఎర్రగా వేగితేనే రుచి అనుకునే ఇళ్లు మనవి, ఈ ఒక్క విషయంలో కాస్త తగ్గాలి. తీపెక్కిన గడ్డ అయితే ఓవెన్‌ను 200కు దించి, మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి.

ఇఫ్తార్‌కు గానీ, దావత్‌కు గానీ చేయాలనుకుంటే పని రెండుగా విడగొట్టుకోవచ్చు. ఉడికించి, కుదిపి, పూర్తిగా చల్లారిన ముక్కలను మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడితే మరునాటి దాకా ఉంటాయి. ఉడికిన ముక్కను ఫ్రిజ్‌లో పెడితే తీపెక్కే భయం లేదు, పైగా ఇంకా ఆరి కరకర పెరుగుతుంది. మగ్రిబ్‌కు గంట ముందు ట్రే ఎక్కిస్తే అజాన్ వేళకు వేడిగా తయారవుతాయి. దించాక గిన్నెలో పోసి మూత మాత్రం పెట్టొద్దు, ఆవిరికి కాసేపట్లోనే మెత్తబడిపోతాయి. మిగిలినవి మరునాడు 200 డిగ్రీల ఓవెన్లో పది నిమిషాలు ఉంచితే మళ్లీ పెళుసుగా అవుతాయి. మైక్రోవేవ్‌లో కావు.